మనవాళ్లు ఎక్కువున్న ఊరా? అందరూ ఉన్న ఊరా?

గత వారం వరంగల్ నుంచి ఒక ఫైనలియర్ అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అన్నా, మూడు అడ్మిట్లు వచ్చాయి. డల్లాస్ పక్కన ఒకటి, హ్యూస్టన్‌లో ఒకటి, పిట్స్‌బర్గ్‌లో ఒకటి. కోర్సు మూడు చోట్లా ఇంచుమించు ఒకటే. ఇంట్లో అందరూ డల్లాసే అంటున్నారు, అక్కడ మనవాళ్లు ఎక్కువ కదా అని. ఏది తీసుకోమంటావు?"

ఇలాంటి మెసేజ్‌లు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ఊళ్ల పేర్లు మారతాయి, ప్రశ్న మారదు. 2023-24లో అమెరికా విద్యాసంస్థల్లో మన దేశ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటేశాం. అందులో తెలుగువాళ్లు ఎంతమందో లెక్కలు వెతకక్కర్లేదు, మీ సీనియర్ల వాట్సాప్ గ్రూపు తెరిస్తే చాలు. ఇంతమంది వెళ్తున్నా ఊరు ఎంచుకునే పద్ధతి మాత్రం ఒక్కటే: అక్కడ మనవాళ్లున్నారా? లేదంటే దానికి కాస్త అందమైన రూపం: "అది ఇంటర్నేషనల్ సిటీ, అన్ని దేశాలవాళ్లూ ఉంటారు." ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు చాలామంది. ఒకటి కాదు. కొన్ని ఊళ్లలో ఒకదానికొకటి అడ్డం కూడా.

ముందు లెక్క సంగతి చూద్దాం. అమెరికా జనగణన శాఖ "ఫారిన్ బోర్న్" అని ఒక అంకె ఇస్తుంది. పుట్టుకతో అమెరికా పౌరులు కానివాళ్లందరూ అందులో వస్తారు. తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, శరణార్థులు, కాగితాలు లేనివాళ్లు, రేపు వెళ్లబోయే మీరు కూడా. 1970లో ఇది దేశ జనాభాలో 5 శాతం లోపే. 1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసేశాక మెల్లగా పెరిగి ఇప్పుడు 14 శాతం దాటింది. ఇంటర్నెట్‌లో కనిపించే "అత్యంత అంతర్జాతీయ నగరాలు" జాబితాల్లో చాలావరకు ఈ ఒక్క అంకెను పట్టుకుని చేసినవే.

ఆ అంకె ప్రకారం చూస్తే పెద్ద నగరాల్లో మయామీని కొట్టేది లేదు. నగర జనాభాలో సగానికి పైగా విదేశాల్లో పుట్టినవాళ్లే. పక్కనే ఉన్న హయలీయాలో అయితే నలుగురిలో ముగ్గురు. న్యూయార్క్‌లో మూడో వంతుకు కాస్త పైన. అంటే మయామీ న్యూయార్క్ కంటే ఎక్కువ అంతర్జాతీయమా? మయామీ-డేడ్ కౌంటీలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఇంట్లో మాట్లాడేది స్పానిష్. క్యూబా, వెనిజులా, కొలంబియా, నికరాగువా... దేశాలు వేరే, రాజకీయాలు వేరే, వంటలు కూడా వేరే. తేలిగ్గా తీసేయడానికి లేదు, 1980లో ఒక్క మారియెల్ పడవల్లోనే దాదాపు 1,25,000 మంది క్యూబన్లు వచ్చిన చరిత్ర ఆ ఊరిది. కానీ భారతీయుడు, నైజీరియన్, పోలిష్ మనిషి ఒకే మెట్లమీద తగిలే ఊరు కాదది.

న్యూయార్క్ లెక్క వేరు. అక్కడ విదేశాల్లో పుట్టినవాళ్లు 30 లక్షలు పైనే. వాళ్లలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న డొమినికన్లు, చైనీయులు ఎవరికి వాళ్లు ఐదో వంతు కూడా ఉండరు. మిగతాదంతా ముక్కలు ముక్కలు: జమైకా, గయానా, ఈక్వడార్, బంగ్లాదేశ్, ఉజ్బెకిస్తాన్. క్వీన్స్ బరోలో 24 లక్షల జనాభా ఉంటే దాదాపు సగం మంది బయట పుట్టినవాళ్లే. సబ్‌వేలో 7 నంబరు రైలు ఎక్కి చివరి స్టేషన్ ఫ్లషింగ్ దాకా వెళ్లండి. జాక్సన్ హైట్స్‌లో టిబెటన్ మోమోలు, కొలంబియన్ బేకరీలు, బంగ్లా కిరాణా కొట్లు పక్కపక్కనే. ఫ్లషింగ్‌లో దిగితే బోర్డులన్నీ చైనీస్, కొరియన్. అక్కడే బౌన్ స్ట్రీట్‌లో గణపతి గుడి, కింద క్యాంటీన్‌లో దోసె. ఆ దోసె కోసం లైన్లో నిలబడేవాళ్లలో సగం మందికి మన భాషలేవీ రావు.

సీఎస్ఈ, ఏఐఎంఎల్ వాళ్లకు ఈ తేడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు: గినీ ఇంప్యూరిటీ. డెసిషన్ ట్రీ చాప్టర్లో పరీక్షకు బట్టీ పట్టిందే. ఒక ఊళ్లో విదేశీయులు నాలుగు దేశాలనుంచి సమానంగా, 25 శాతం చొప్పున వచ్చారనుకోండి. వాటాలను వర్గం చేసి కలిపి ఒకటిలోంచి తీసేస్తే 0.75. ఇంకో ఊళ్లో 90 శాతం ఒకే దేశం, మిగతా రెండు దేశాలు చెరో 5 శాతం. అక్కడ 0.185. రెండో ఊళ్లో విదేశీయుల మొత్తం సంఖ్య మొదటి ఊరికి మూడింతలున్నా సరే, ఈ అంకె కదలదు. జనగణన శాఖ కూడా జాతులవారీగా ఇదే సూత్రంతో "డైవర్సిటీ ఇండెక్స్" కడుతుంది: యాదృచ్ఛికంగా ఇద్దర్ని తీస్తే వాళ్లు వేర్వేరు వర్గాలవాళ్లయ్యే అవకాశం ఎంత అని. దేశం మొత్తానికి 2010లో 54.9 శాతం, 2020లో 61.1 శాతం.

అయితే ఆ ఇండెక్స్‌ను కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. అందులో వర్గాలు చాలా పెద్ద పెట్టెలు. మీరు, వియత్నాం మనిషి, కొరియన్ ముగ్గురూ "ఏషియన్" అనే ఒకే పెట్టెలో పడతారు. జెర్సీ సిటీలో బోలెడుమంది ఈజిప్షియన్లు ఉన్నారు, 2020 లెక్కల పద్ధతి ప్రకారం వాళ్లు "వైట్". మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు ప్రత్యేక వర్గం పెట్టాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది 2024 మార్చిలో. కాబట్టి పుట్టిన దేశం పట్టిక చూడటమే మేలు. ఎక్కడ దొరుకుతుందో చివర్లో చెప్తాను.

ఇంకో తిరకాసు, ఊరి హద్దు. అట్లాంటా నగరంలో విదేశీయులు 10 శాతం లోపే. అది చూసి "అబ్బే" అనుకుంటే పొరపాటు. పక్కనున్న గ్విన్నెట్ కౌంటీలో దాదాపు పావు వంతు. క్లార్క్‌స్టన్ అనే చిన్న ఊరు 1980ల నుంచీ శరణార్థులకు నెలవు. రాజధాని వాషింగ్టన్ నగరంలో 14 శాతం దరిదాపుల్లో ఉంటే, నది దాటి వర్జీనియాలోకి వెళ్లగానే ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో 30 శాతం. మన దగ్గర అమీర్‌పేట, మాదాపూర్ ఒకే హైదరాబాద్ లెక్కలో పడతాయి. అక్కడ రోడ్డు దాటితే వేరే మున్సిపాలిటీ. మీ క్యాంపస్ ఏ హద్దులో ఉందో చూడకుండా నగరం పేరు మీద అంకె చూసి లాభం లేదు.

హద్దు లోపల కూడా అందరూ కలిసి ఉంటారన్న హామీ ఏమీ లేదు. షికాగో అందుకు పాఠం. నగరం మొత్తానికి లెక్క కడితే భలే వైవిధ్యం. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, లాటినోలు దాదాపు సమానంగా ఉంటారు. కానీ బస్సులో పది స్టాపులు వెళ్తే మొహాలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ఎవరి పేట వాళ్లది.

ఇప్పుడు మన అమ్మాయి మూడు ఊళ్లకు వద్దాం.

డల్లాస్ అంటే మనవాళ్ల దృష్టిలో డల్లాస్ కాదు. అర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో. అర్వింగ్‌లో ప్రతి ఐదుగురిలో దాదాపు ఇద్దరు విదేశాల్లో పుట్టినవాళ్లు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, సూపర్ మార్కెట్లో గోంగూర, శనివారం బిర్యానీ పాయింట్ల ముందు క్యూలు. ఒంటరితనం అనే మాటే ఉండదు. నిజానికి ఆ ప్రాంతంలో కొరియన్లు, మెక్సికన్లు, ఇథియోపియన్లు కూడా గణనీయంగానే ఉన్నారు. సమస్యల్లా, మన పిల్లలు వాళ్లను చూడకుండా రెండేళ్లు గడిపేయొచ్చు. రూమ్ మనవాళ్లతో, కారు మనవాళ్లతో, ప్రాజెక్టు గ్రూపు మనవాళ్లతో. ఊళ్లో వైవిధ్యం ఉంది, మీ ఫోన్ కాంటాక్టుల్లో లేదు.

హ్యూస్టన్ కథ వేరు. నూనె పడిపోయిన 1980ల్లో ఖాళీ అయిన అపార్టుమెంట్లలోకి వలసలు వచ్చి ఊరి రూపమే మార్చేశాయి. అంతకు ముందే, 1975లో సైగాన్ పతనం తర్వాత వియత్నామీయులు వచ్చారు. బెలెయిర్ బులవార్డ్‌లో వీధి బోర్డుల మీద చైనీస్, వియత్నామీస్ అక్షరాలు కనిపిస్తాయి. అమెరికాలోని పెద్ద నైజీరియన్ సమాజాల్లో ఒకటి ఇక్కడే. రైస్ యూనివర్సిటీలో స్టీఫెన్ క్లైన్‌బర్గ్ అనే సామాజికవేత్త 1982 నుంచి ఏటా ఈ ఊరిని సర్వే చేస్తూ వచ్చారు. దేశంలోని పెద్ద మెట్రోల్లో జాతులపరంగా అత్యంత సమతూకం ఉన్నది హ్యూస్టనేనని 2012లో ఆ సంస్థ నివేదిక ఇచ్చింది. పుట్టిన దేశాలవారీగా చూస్తే మెక్సికో వాటా బాగా పెద్దదే, అది దాచక్కర్లేదు. అయినా మిగిలింది కూడా పలచగా లేదు. పైగా పనుల్లో వైవిధ్యం ఉంది: చమురు, ఓడరేవు, అంతరిక్షం, లక్ష మందికి పైగా పనిచేసే టెక్సాస్ మెడికల్ సెంటర్.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. శాన్ హోసేలో పది మందిలో నలుగురు బయట పుట్టినవాళ్లు. వియత్నాం, మెక్సికో, భారత్, చైనా, ఫిలిప్పీన్స్, ఏదీ మరీ పైచేయి కాదు. గినీ లెక్కలో ఫస్ట్ క్లాసు. కానీ మన కోర్సులు చదివినవాళ్లకు అక్కడ కనిపించేవన్నీ ఒకే గాలికి ఊగే ఉద్యోగాలు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తామని ప్రకటించినప్పుడు, ఏ దేశంవాడైనా పక్కవాడికి చెప్పగలిగింది "నాదీ అదే పరిస్థితి" అనే. దేశాల పట్టిక చూసినట్టే ఊళ్లో పరిశ్రమల పట్టికా చూడాలి. నా దృష్టిలో రెండోది ఇంకా ముఖ్యం, కానీ దాని గురించి ఎవరూ అడగరు.

పిట్స్‌బర్గ్ మెట్రోలో విదేశీయులు 4 శాతం చుట్టుపక్కల. మూడింట్లో అదే తక్కువ. "అక్కడ మనవాళ్లెవరూ ఉండరు" అని అమ్మాయి వాళ్ల నాన్నగారి భయం. ఆయనకు తెలియాల్సిన విషయం ఏమిటంటే, అమెరికాలో తొలినాళ్ల వేంకటేశ్వరస్వామి గుడి అక్కడి పెన్ హిల్స్ కొండమీదే, 1976లో వెలసింది. ఊరు చిన్నదే, కానీ యూనివర్సిటీలున్న ఓక్లాండ్ పేట వేరే దేశంలా ఉంటుంది. మెట్రో అంకె ఆ పేటకు వర్తించదు. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి: సెయింట్ లూయిస్‌కు విదేశీయుల శాతం తక్కువ, అయినా అమెరికాలో బోస్నియన్లు అత్యధికంగా స్థిరపడింది ఆ ఊళ్లోనే. మినియాపొలిస్‌లో సోమాలీలు, పక్కనే సెయింట్ పాల్‌లో మాంగ్ ప్రజలు.

సరే, ఎవరుంటే మనకేంటి? ఉద్యోగం వస్తే చాలదా? చాలు. అందుకే చెప్తున్నా ఇదంతా.

చదువు అయ్యాక ఓపీటీ మొదలైతే ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. స్టెమ్ పొడిగింపు వచ్చాక కూడా కలిపి 150. గడియారం టిక్ టిక్ మంటున్నప్పుడు మీకు పనికొచ్చేది ఎవరు? 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికవేత్త ఒక మాట చెప్పారు: ఉద్యోగ సమాచారం తరచూ వచ్చేది ప్రాణస్నేహితుల నుంచి కాదు, ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచి. ఎందుకంటే ప్రాణస్నేహితుడికి తెలిసింది మీకూ తెలుసు. 2022లో లింక్డిన్‌లో 2 కోట్ల మంది మీద చేసిన ప్రయోగ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. కాస్త దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడ్డాయని అందులో తేలింది.

మా బ్యాచ్‌మేట్ ఒకడి సంగతి చెప్తాను. పేరు వద్దు. అమెరికాలో ఒక పెద్ద మెట్రో శివార్లలో ఆరుగురు తెలుగు కుర్రాళ్లతో ఫ్లాటు. అందరిదీ ఒకే కోర్సు, ఒకే రెజ్యూమె టెంప్లేటు. డిగ్రీ చేతికొచ్చింది, కాల్స్ రాలేదు. అరవయ్యో రోజు దాటేసరికి ఆ ఫ్లాటులో వినిపించిన సలహా ఒక్కటే: ఫలానా కన్సల్టెన్సీకి వెళ్లు, ఐదేళ్ల అనుభవం ఉన్నట్టు రాస్తారు, ఇంటర్వ్యూ వాళ్లే చూసుకుంటారు. వాడు చెడ్డవాడు కాదు, సోమరి కాదు. వాడికి తెలిసిన ఆరుగురికీ తెలిసిన దారి అదొక్కటే. లైబ్రరీలో ఏడాదిపాటు పక్కన కూర్చున్న ఘనా అమ్మాయి ఒక హాస్పిటల్ ఐటీ విభాగంలో చేరిందనీ, అక్కడ ఇంకా ఖాళీలున్నాయనీ వాడికి తెలిసింది ఏడు నెలల తర్వాత, లింక్డిన్‌లో చూసి. అప్పటికి వాడు ఆ కన్సల్టెన్సీ రాసిచ్చిన రెజ్యూమెతో చేరిపోయాడు. ఇప్పటికీ వీసా స్టాంపింగ్ అంటే భయపడి ఇంటికి రాడు. అక్క పెళ్లి వీడియో కాల్‌లో చూశాడు.

మనవాళ్లకు దూరంగా ఉండమని కాదు నేను చెప్పేది. రాత్రి పదకొండింటికి ఎయిర్‌పోర్టుకొచ్చి సూట్‌కేసులు మోసేది వాళ్లే. క్రెడిట్ హిస్టరీ లేనివాడికి ఇల్లు దొరికేలా చూసేదీ, జ్వరం వస్తే చారు పెట్టేదీ వాళ్లే. ఆ మొదటి మూడు నెలలు ఎవరో ఒకరు కావాలి. కానీ అందుకు ఊరంతా మనవాళ్లే ఉండక్కర్లేదు, ఓ పది కుటుంబాలు చాలు. తెలుగు మాట్లాడేవాళ్లు అమెరికాలో 2017 నాటికే 4 లక్షలు దాటారు, 2010 నుంచి 86 శాతం పెరిగారు. ఆ పది కుటుంబాలు దొరకని యూనివర్సిటీ ఊరు ఇప్పుడు దాదాపు లేదు. మీరు వెతకాల్సింది రెండోది.

వెతకడం ఎలాగంటే, జనగణన శాఖ డేటా వెబ్‌సైటులో బి05006 అనే పట్టిక ఉంటుంది. విదేశాల్లో పుట్టినవాళ్లు ఏ దేశం నుంచి ఎంతమందో అందులో ఉంటుంది. నగరానికి కాకుండా మీ క్యాంపస్ ఉన్న కౌంటీకి తెరవండి. పైన చెప్పిన గినీ సూత్రం ఎక్సెల్‌లో వేస్తే పది నిమిషాల పని. తర్వాత యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీ చూడండి. చాలా యూనివర్సిటీలు దేశాలవారీ విద్యార్థుల లెక్క పెడతాయి. మీ డిపార్టుమెంటులో పదిలో ఎనిమిది మంది మనవాళ్లే అయితే, ఊరు క్వీన్స్ అయినా మీ క్లాసు గచ్చిబౌలే. అది తప్పేం కాదు, కానీ లక్షల్లో లోను తీసుకుని వెళ్లేముందు తెలిసి ఉండాలి.

వరంగల్ అమ్మాయికి నేను రాసిన జవాబు చిన్నదే. కోర్సు నిజంగా సమానమైతే హ్యూస్టన్. పిట్స్‌బర్గ్‌లో ప్రొఫెసరో ల్యాబో నీకు సరిగ్గా సరిపోతే, 4 శాతం చూసి భయపడకు, అక్కడికే వెళ్లు. డల్లాస్‌లో మేనత్తగారింట్లో ఉంటే రెండేళ్ల అద్దె మిగులుతుందంటున్నావు, అదీ చిన్న విషయం కాదు. అలా వెళ్తే మాత్రం ప్రాజెక్టు గ్రూపులో మనవాళ్లు కానివాళ్లు కనీసం ఇద్దరుండేలా మొదటి సెమిస్టర్ నుంచే చూసుకో. మూడు కౌంటీల పట్టికలూ డౌన్‌లోడ్ చేసిందట. నాన్నగారికి చూపిస్తే ఆయన అద్దె లెక్క ఒక్కటే రెండుసార్లు చదివి, ఆదివారం మేనత్తకు ఫోన్ చేద్దామన్నారట. డిపాజిట్ కట్టడానికి ఇంకా పన్నెండు రోజులుంది.